సిద్దిపేట దాకా మోసిన పసుపు లైటు

మా కారును చూసినవాళ్ళు ముందు దాని ఎరుపు రంగును మెచ్చుకుంటారు. తర్వాత కాస్త వంగి, ముందున్న ఇనుప పట్టీ చూసి ఒకటే ప్రశ్న వేస్తారు: "ఇటు పక్కన పసుపు లైటుంది, అటు పక్కది ఏమైందండీ?" తొందరలో ఉన్నవాళ్ళకు "దొరకలేదండీ" అని చెప్పి ఊరుకుంటాను. తీరిక ఉన్నవాళ్ళయితే కుర్చీ వేసి, 1992 ఫిబ్రవరిలో నేను సిద్దిపేట వెళ్ళి వచ్చిన మూడు రోజుల సంగతి చెబుతాను. కాకినాడలో మా పేటలో సిద్దిపేట చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళకోసం ఇలా రాసి పెడుతున్నాను.

ఫొటో వెనక ముద్ర

నాకు చిన్న అచ్చు ప్రెస్సు ఉంది. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికలొస్తే కరపత్రాలు. అలాంటివాడికి స్పోర్ట్స్ కారెందుకని మా ఆవిడ అడిగింది, మీరూ అడగవచ్చు. హైదరాబాదులో కాగితం కొనడానికి వెళ్ళినప్పుడు ఒక పాత బంగళా పెరట్లో దాన్ని చూశాను. 1954లో ఇంగ్లండులో తయారై ఓడెక్కి వచ్చిన రెండు సీట్ల కారు. పైకప్పు లేదు. ఇంజను బిగుసుకుపోయింది. డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది. ఇంటివాళ్ళు పాత ఇనుము ధరకు ఇచ్చేశారు. మా ఊరు తెచ్చి, ఖాదర్ భాయ్ అనే పెద్ద మెకానిక్ షెడ్డులో పెట్టి, రెండేళ్ళుగా కొంచెం కొంచెంగా బాగు చేయిస్తున్నాను.

కారుతో పాటు ఇంటివాళ్ళు ఒక ఫొటో ఇచ్చారు. నల్ల కళ్ళద్దాల మనిషి ఒకాయన బంపరు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఆయన సిద్దిపేట ప్రాంతంలో కంట్రాక్టరట, చనిపోయి చాలా కాలమైంది. నా చూపు ఆయన మీద నిలవలేదు. కారు ముందు అడ్డంగా ఒక పట్టీ, దాని మీద రెండు పసుపు పొగమంచు లైట్లు, ముందు చక్రం పైరేకు మీద గుండ్రటి అద్దం, వెనక సామాను కట్టుకునే మెరిసే కమ్మీల చట్రం. ఇప్పుడు నా దగ్గరున్న కారుకు అవేవీ లేవు.

ఖాదర్ భాయ్ ఫొటో చూసి పెదవి విరిచాడు. "ఇవి కంపెనీ ఇచ్చినవి కావు సాబ్. కారు కొన్నాక షోకు కోసం బయట దుకాణాల్లో కొని బిగించుకున్నవి. పాత కార్ల పోటీకి పెట్టాలంటే ఇవి లేకుండా ఉంటేనే మంచిది. మార్కులు కోస్తారు."

ఇక్కడే మా ఇద్దరికీ పడేది కాదు. ఫ్యాక్టరీ గేటు దాటిన రోజున కారు ఎలా ఉందో అది కావాలి ఖాదర్ భాయ్‌కి. మన రోడ్ల మీద, మన మనుషుల చేతుల్లో తిరిగిన రోజుల్లో ఎలా ఉందో అది కావాలి నాకు. మనిషి మోజుపడి కొని తగిలించుకున్న వస్తువులోనే ఆ మనిషి కనిపిస్తాడని నా నమ్మకం.

జనవరిలో సీట్ల వెనక చెక్క పలక ఊడదీశాం. దాని కింద జానెడు లోతు ఖాళీ, అందులో ఎలుకల గూడు, గూడు కింద ఒక మూట. ఎర్ర అంచు తువ్వాలులో చుట్టి, సన్నటి రాగి తీగతో కట్టి ఉంది. ముడి విప్పకుండా తువ్వాలును ఒక పక్కకు జరిపి చూశాం. పసుపు అద్దం తళుక్కుమంది. ఫొటోలో ఉన్న లైటే. ఖాదర్ భాయ్ కూడా "వాహ్" అన్నాడు. ఇంతకాలం దాగిన వస్తువును విప్పబుద్ధి కాలేదు, అలాగే ఉంచాను. జత లైటు ఎక్కడుందో వెతకాలి. ఫొటో వెనక ఒక స్టూడియో ముద్ర, కింద "సిద్దిపేట" అని ఉంది. నాకు దొరికిన చిరునామా అంతే.

సిద్దిపేట

హైదరాబాదు నుంచి బస్సు రెండున్నర గంటలు. మూటను సంచిలో పెట్టి ఒళ్ళో పట్టుకుని కూర్చున్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ సంచి వంక చాలాసేపు చూసింది.

"ఏముంది బిడ్డా అండ్ల? గుడ్లా?"

"లైటండీ."

"లైటా? మా ఊరికి రా. కరెంటు ఒక్కటి లేదు గని లైట్లు మస్తున్నయ్," అని పకపకా నవ్వి, కొంగులోంచి గుప్పెడు రేగుపళ్ళు తీసి నా చేతిలో పోసింది. మా వైపు బస్సులో తెలియనివాళ్ళు ఏదైనా పెడితే తీసుకోవడానికి వెనకాడతాం. ఇక్కడ వెనకాడితే కోపం వస్తుందని ఆమె చూపును బట్టి అర్థమై తినేశాను.

స్టూడియో ఇప్పుడు క్యాసెట్ల దుకాణం. పాత ఫొటోగ్రాఫరు ఎటు పోయాడో అక్కడివాళ్ళకు తెలియదు. లాడ్జిలో గది తీసుకుని, సంచి భుజాన వేసుకుని బజారంతా తిరిగాను. బట్టల దుకాణాలు ఎక్కువ. గొల్లభామల బొమ్మలు నేసిన చీర ఒకటి మా ఆవిడ కోసం కొన్నాను. తలమీద కుండ, చేతిలో చల్లముంత, అంచు పొడుగునా ఒకరి వెనక ఒకరు నడుస్తున్న ఆడవాళ్ళు. నేసినాయన ఆ చిన్న బొమ్మకు ఎన్ని పోగులు ఎత్తాలో చెబుతుంటే నా అచ్చుపని చాలా తేలికనిపించింది.

మధ్యాహ్నం ఒక హోటల్లో అన్నంతో పచ్చిపులుసు పోశారు. చింతపండు పిసికిన నీళ్ళలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ. కాచలేదేమిటని అడిగాను. వడ్డించే ఆయన "కాస్తే పచ్చిపులుసు ఎట్లయితది సారూ?" అన్నాడు. నిజమే. మా చారు కన్నా నాకు అదే నచ్చింది, ఈ మాట ఇంట్లో చెప్పలేదు.

పాత బస్టాండు ఎదురుగా లారీ, ట్రాక్టరు సామాన్లు అమ్మే దుకాణం కనిపించింది. యజమాని విశ్వనాథం, అరవై దాటిన మనిషి, తెల్ల ధోవతి, చెవి మీద పెన్సిలు. అందరూ ఆయన్ను సేటు అంటున్నారు. ఫొటో చూపించగానే ఆయన ముఖం వెలిగింది.

"గీ కారు నాకెందుకు ఎర్కలేదు! కంట్రాక్టరు సారుది. గిది బజార్ల కొచ్చిందంటే దుకాణాలు ఇడిసిపెట్టి సూసేటోళ్లం."

"ఈ పసుపు లైట్ల గురించి తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారాండీ?"

విశ్వనాథం బల్ల మీద కూర్చున్న ఇద్దరి వంక చూశాడు. ముగ్గురూ నవ్వారు.

"లైట్ల సంగతి అడగాల్నంటే లైటు రాజయ్యనే అడగాలె. గాయనకన్న ఎక్కువ ఎవలికి ఎరుక?"

"ఎక్కడుంటారు?"

"ధూళిమిట్టల. అత్తగారూరు. బోరు మోటర్లు కాలిపోతే వైండింగ్ జేస్తడు. లైటు రాజయ్య అని అడుగున్రి, సిన్న పిలగాండ్లు గూడ సెప్తరు."

ఆ నవ్వు నాకు మెచ్చుకోలుగానే వినిపించింది. మా ఊళ్ళో గడియారాల సుబ్బారావు ఉన్నాడు, హార్మోనియం మూర్తి ఉన్నాడు. పనిలో పేరు మోసినవాళ్ళకు అలాంటి పేర్లే వస్తాయి. పుస్తకంలో "లైటు రాజయ్య" అని రాసుకుని కింద గీత గీశాను. ఆ సంతోషంలో విశ్వనాథం చూపించిన గుండ్రటి అద్దం ఒకటి "ఫారిన్ మాల్" అని నలభై రూపాయలకు కొన్నాను. అది స్కూటరు అద్దమని తర్వాత ఖాదర్ భాయ్ తేల్చాడు.

మద్దూరు మీదుగా

రెండో రోజు పొద్దున్నే చేర్యాల మీదుగా మద్దూరు బస్సెక్కాను. రోడ్డుకు రెండు పక్కలా ఏనుగులు పడుకున్నట్టు నున్నటి రాళ్ళ గుట్టలు, వాటి మధ్య ఎర్ర నేల, తాటిచెట్లు. మాకు నీళ్ళు కాలవలో కళ్ళ ముందు పారతాయి. ఇక్కడ నీళ్ళు నేల అడుగున ఉన్నాయి. వాటిని పైకి లాగే మోటారు కాలిపోతే పంట పోయినట్టే. బస్సు మధ్యలో ఒక రైతు గోనెసంచిలో కాలిన మోటారు పెట్టుకుని, జబ్బు చేసిన పిల్లను దవాఖానకు తీసుకుపోతున్నట్టు దాని మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

మద్దూరులో దిగి సైకిలు కిరాయికి తీసుకున్నాను. రెండు మైళ్ళు పోకముందే చైను ఊడింది. చేతులన్నీ మసి. అప్పుడే ఒకాయన తాటిచెట్టు దిగి వచ్చి, మాట్లాడకుండా చైను ఎక్కించి, "గీ తొవ్వ పట్టుకొని సక్కగ పోన్రి," అన్నాడు. మాకు తవ్వ అంటే బియ్యం కొలిచేది. నేను చేతుల వంక చూసుకోవడం చూసి ఆయన దారి వైపు వేలు చూపించి, "తొవ్వ సారూ, తొవ్వ," అని నవ్వాడు. తాజా కల్లు తాగమన్నాడు. సైకిలు మీద పోవాలని చెప్పి తప్పించుకున్నాను.

ధూళిమిట్ట

ఊరి మొదట్లో ఒక పెంకుటింటి ముందు ఒకామె చేటలో పెసలు చెరుగుతోంది. సైకిలు ఆపి, పుస్తకం చూసి మరీ అడిగాను.

"లైటు రాజయ్య గారి ఇల్లు ఎక్కడండీ?"

చేట ఆగిపోయింది. ఆమె నా వంక చూసిన చూపుకు సైకిలు దిగాను.

"ఎవలు జెప్పిన్రు నీకు గా పేరు?"

"సిద్దిపేటలో... దుకాణం సేటు గారు."

"గదీ సంగతి. ఇంక ఇడ్వలేదన్నట్టు." చేట కింద పెట్టి లోపలికి కేక వేసింది. "ఇగో, నీకోసం ఎవలో వచ్చిన్రు, సిద్దిపేట నుంచి."

పక్కనున్న రేకుల షెడ్డులోంచి సన్నటి మనిషి బయటికి వచ్చాడు. కళ్ళజోడుకు ఒక పక్క దారం కట్టి ఉంది. వేళ్ళకు వార్నిషు మరకలు. రాజయ్య అతనే. ఆమె అతని భార్య లక్ష్మవ్వ. ఏదో తప్పు మాట అన్నానని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. తొందరతొందరగా నా పేరూ ఊరూ చెప్పి ఫొటో ఇచ్చాను. అతను ఒక్క క్షణం చూసి, బోర్లించి అరుగు మీద పెట్టాడు.

"మీరు కంట్రాక్టరు సారు సుట్టాలా?"

"కాదండీ. కారు కొన్నవాణ్ణి. ఆయన్ని ఎప్పుడూ చూడలేదు."

"నాతోటి ఏం పని?"

మాటలతో లాభం లేదని సంచిలోంచి మూట తీసి అరుగు మీద ఫొటో పక్కన పెట్టాను. "దీని జత కోసం వచ్చాను. కారులో పలక కింద దొరికింది."

రాజయ్య లైటును చూడలేదు. ముడిని చూశాడు. వంగి, వేలితో రాగి తీగను తాకి, అది ఎటు నుంచి ఎటు చుట్టుకుందో నెమ్మదిగా తడిమాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు.

"లక్ష్మీ, జర ఇటు రా. గిది సూడు."

ఆమె వచ్చి తువ్వాలు అంచు ఎత్తి చూసింది. మూలన తెల్ల దారంతో వేసిన కుట్టు ఉంది. "గిది నేను కుట్టిందే," అంది. "చినిగితె కుట్టిన. తువ్వాల ఏడ వోయింది అని నిన్ను తిట్టిన గూడ." అని అక్కడే, పెసల పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

నేను నిలబడే ఉన్నాను. కూర్చోమనే ధ్యాస వాళ్ళకు లేదు. కొంతసేపటికి రాజయ్యే మంచం వాల్చి, నీళ్ళు తెచ్చి ఇచ్చి, చెప్పడం మొదలుపెట్టాడు.

"అరవై ఎనిమిదిల, పాత బస్టాండు ముంగట నాకు దుకాణం ఉండె. డైనమోలు, బ్యాటరీలు, లైట్లు. గీ కారు కుడి లైట్ల నీళ్లు వోయి లోపల నల్లగైంది. సారు నాకిచ్చిండు. హైద్రాబాద్ తోలి పాలిష్ వెట్టిచ్చిన, కొత్త వైరు ఏసిన. పొద్దూకినంక తీస్కపోతే సారు లేడు. డ్రైవరు యాదగిరి కారు తుడుస్తుండె. బయట వెడితె ఎవలన్న ఎత్కపోతరని పలక కింద వెట్టి, 'యాదన్నా, పలక కింద ఉన్నది, నేనొచ్చి బిగిస్త, సారుకు జెప్పు' అన్న. తెల్లారి నాకు జెరమొచ్చింది. మూడొద్దులు మంచం దిగలే."

"తర్వాత?"

"నాలుగో రోజు సారు దుకాణం మీదికి వచ్చిండు. లైటేది అన్నడు. కారులనే ఉన్నది సారు అన్న. యాదగిరిని అడిగితె నాకు ఎర్కలేదన్నడు. పలక లేపి సూడున్రి అంటె ఇనలే, నన్ను కారు దిక్కు పోనియ్యలే. ఫారిన్ లైటు అమ్ముకున్నవ్ అన్నడు. ఎడమ లైటు గూడ విప్పించి చేతుల వట్టుకొచ్చిండు. ఒక్కటి నాకెందుకని నా ముంగటనే రోడ్డుకేసి కొట్టిండు. బజారంత సూసింది. నెల దాటకముందే కారు అమ్మేసిండు."

నేను వెతుకుతున్న జత లైటు ఏమైందో అలా తెలిసింది. ఆ క్షణంలో దాని గురించి నాకు ఏమీ అనిపించలేదు.

"ఆ తర్వాత లారీలోళ్లు రాలే. వచ్చినోళ్లు బయటనే నిలబడి, నా కండ్ల ముందల్నే బ్యాటరీ చార్జి జెయ్యి అనేటోళ్లు. లైటు రాజయ్య అని పేరువెట్టిన్రు. ఏడాది సూసిన. దుకాణం మూసి ఈడికొచ్చిన."

నా పుస్తకంలో గీత గీసి రాసుకున్న పేరు గుర్తొచ్చి తల ఎత్తలేకపోయాను. "క్షమించండి, నాకు తెలియక పిలిచాను," అన్నాను.

"మీకేం ఎరుక సారూ," అన్నాడు రాజయ్య. అతని కళ్ళు మళ్ళీ ముడి మీదికే పోయాయి.

లక్ష్మవ్వ లేచి కొంగుతో ముఖం తుడుచుకుని పొయ్యి రాజేసింది. గుండ్రటి ఇనుప గిన్నె లోపల బియ్యప్పిండి ముద్దను పల్చగా ఒత్తి, వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి నూనె వేసింది. సర్వపిండి అంటారు. పల్లీలు, నువ్వులు, పచ్చిమిర్చి, అడుగున కరకర, పైన మెత్తన. ఒకటి తినగానే ఇంకొకటి వేసింది. "మీరు తినున్రి. ఇయ్యాల మా ఇంటికి మంచి సుట్టం వచ్చిండు," అంది. మా తపాళరొట్టెకు ఇది దగ్గరి చుట్టమే, కాకపోతే కారం ఎక్కువ.

సాయంత్రం వెళ్ళిపోదామని లేచాను. మర్నాడు రాత్రికి కాకినాడ రైలు టికెట్టు ఉంది. రాజయ్య అడ్డు చెప్పలేదు, కాని తువ్వాలు మీంచి చెయ్యి తియ్యలేదు.

"సారూ, ఒక్కటి అడుగుత. యాదగిరి మద్దూరుల ఉన్నడు. రేపొద్దుగాల నాతోటి గాయన దగ్గరికి వస్తరా? మీరు కొన్న కారుల దొరికిందని మీరే జెప్పాలె. నేను జెప్తె నమ్మరు."

"గిప్పుడు పోయి ఏం జేస్తవ్?" లక్ష్మవ్వ అంది. "ఇరవై నాలుగేండ్లాయె. అందరు యాది మర్శిన్రు."

"పేరు మర్వలేదు గద," అన్నాడు రాజయ్య.

నాకు భయంగానే ఉంది. పరాయి ఊళ్ళో పాత తగాదాలో తల దూర్చడం, ముసలివాళ్ళు చెయ్యి చేసుకుంటే ఏం చెయ్యాలో తెలియకపోవడం. అయినా ఆ రాత్రి వాళ్ళింటి ముందు మంచం మీదే పడుకున్నాను.

మద్దూరులో ఒక ఉదయం

యాదగిరికి బస్సులు ఆగే చోట చిన్న డబ్బా కొట్టు ఉంది. బీడీలు, సోడాలు, కొబ్బరినూనె పొట్లాలు. డెబ్బై దగ్గర పడిన మనిషి. రాజయ్యను చూడగానే గుర్తుపట్టాడు. ఇద్దరూ పక్క పక్క ఊళ్ళలో ఉంటూ ఇన్నేళ్ళుగా మాట్లాడుకోలేదని వాళ్ళు నిలబడిన తీరులోనే తెలిసింది.

నేను చెప్పవలసింది చెప్పాను. మూట చూపించాను. యాదగిరి దాన్ని ముట్టుకోలేదు. సోడా సీసాలను గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

"నాకు ఏం ఎర్కలేదు. గప్పటి ముచ్చట గిప్పుడెందుకు? ఆ సారు గూడ పోయిండు."

రాజయ్య గొంతు పెంచుతాడేమోనని చూశాను. పెంచలేదు. కొట్టు ముందు రాయి మీద కూర్చున్నాడు.

"నిన్ను తిట్టనీకి రాలే యాదన్నా. కొట్టనీకి రాలే. గా బజార్ల, గా దుకాణాల ముంగట, పలక కింద వెట్టిన అని రాజయ్య నాకు జెప్పిండు అని ఒక్క మాట అను. చాలు."

"ఎర్కలేదంటున్న గద," అన్నాడు యాదగిరి, ఈసారి మెల్లగా.

రాజయ్య లేచి, "పోదాం సారూ," అన్నాడు. రోడ్డవతల చెట్టు నీడన సిద్దిపేట బస్సు కోసం నిలబడ్డాం. మనమిద్దరమే వెళ్ళి చెబుదాం అన్నాను. తల ఊపాడు గాని, అతని నడుం కొద్దిగా వంగిపోయినట్టు కనిపించింది. పొద్దున నేను సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే దారంతా నా ముందు నడిచిన మనిషి అతను.

బస్సు రావడానికి గంట పైనే పట్టింది. ఎక్కి కూర్చున్నాం. కండక్టరు రైటు చెప్పబోతుంటే ఎవరో బస్సు రేకు మీద దబదబా బాదారు. యాదగిరి. అంగీ గుండీలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు, కొట్టు తాళం చెవి చేతిలోనే ఉంది. మా వైపు చూడకుండా ముందు సీట్లో కూర్చున్నాడు. సిద్దిపేట దాకా వెనక్కి తిరగలేదు. రాజయ్య కూడా పలకరించలేదు. కాని చేర్యాలలో బస్సు ఆగినప్పుడు మూడు చాయ్‌లు తెప్పించి, ఒకటి కిటికీలోంచి ముందు సీటుకు పంపించాడు. యాదగిరి తీసుకున్నాడు.

మళ్ళీ పాత బస్టాండు

విశ్వనాథం నన్ను చూసి, "దొరికిండా లైటు..." అని మొదలుపెట్టి, నా వెనకున్న ఇద్దరినీ చూసి ఆగిపోయాడు. బల్ల మీద మొన్నటివాళ్ళలో ఒకడు ఉన్నాడు. పక్క దుకాణాలవాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి నిలబడ్డారు.

మూటను గల్లా బల్ల మీద పెట్టి, అది ఎక్కడ, ఎలా దొరికిందో చెప్పాను. నా మాట ముగిశాక అందరూ యాదగిరి వైపు చూశారు. అతను చేతిలోని తాళం చెవిని చూసుకుంటూ మాట్లాడాడు.

"రాజయ్య నాకు జెప్పిండు. పలక కింద వెట్టిన అని జెప్పిండు. నేను ఆ పొద్దు బాగ తాగున్న. తెల్లారి ఏం యాదికి లేదు. సారు అడిగిన్నాడు నిజంగనే ఎర్కలేదన్న. నెల దినాలకు యాదికొచ్చింది. గప్పటికి కారు అమ్మిన్రు. గిప్పుడు జెప్తె నన్నంటరని ఊకున్న. రేపు జెప్త, ఎల్లుండి జెప్త అనుకుంట గింత కాలమైంది." అని మొదటిసారి రాజయ్య ముఖంలోకి చూశాడు. "నీ దుకాణం నేనే మూపిచ్చిన తమ్మీ."

రాజయ్య ఏమంటాడోనని ఎదురుచూశాను. అతను అన్నది ఒక్కటే: "జెప్పినవ్. చాలు."

విశ్వనాథం చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. గల్లా వెనక నుంచి తన కుర్చీ తీసుకొచ్చి రాజయ్య ముందు వేశాడు. "రాజయ్యా, కూసో," అన్నాడు. ఆయన నోట 'లైటు' లేకుండా ఆ పేరు వినడం నాకు అదే మొదలు.

రాజయ్య కూర్చోలేదు. "సేటూ, పన్నెండు వోల్టుల బ్యాటరీ ఒకటి ఇయ్యి," అన్నాడు. ముడి విప్పాడు. లైటును తువ్వాలు మీద ఉంచి, రెండు వైర్లు బ్యాటరీకి తగిలించాడు.

వెలగలేదు.

ఇంకోసారి తగిలించాడు. వెలగలేదు. అప్పటిదాకా ఆ రెండు రోజుల్లో ఏ మాటకూ మారని అతని ముఖం ఎర్రబడింది. "నేను మంచిగ జేసిన సారూ," అన్నాడు నాతో, దొంగతనం సంగతి చెప్పినప్పుడు కూడా లేని తొట్రుపాటుతో. "ఎలిగినంకనే కట్టిన. నిజంగ."

"ఇన్నేళ్ళయింది కదండీ," అన్నాను.

ఆ జవాబు అతనికి పనికిరాలేదు. జేబులోంచి, వాళ్ళు పేచ్‌కస్ అనే స్క్రూడ్రైవరు తీసి, ఆ కుర్చీని పక్కకు జరిపి, దుకాణం మెట్టు మీద రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు. లైటు వెనక మరలు ఒక్కొక్కటే విప్పాడు. లోపల రాగి కొనలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. విశ్వనాథం ఉప్పుకాగితం ముక్క తెచ్చి ఇచ్చాడు. యాదగిరి పక్కన గొంతుక్కూర్చుని మరలు అరచేతిలో పట్టుకున్నాడు. నాలుగు గంటల హైదరాబాదు బస్సు మా ముందు నుంచే వెళ్ళిపోయింది. దానితో పాటు నా రైలు కూడా పోయిందని తెలిసీ నేను లేవలేదు.

మళ్ళీ వైర్లు తగిలించినప్పుడు పసుపు అద్దం లోపల ముందు ఎర్రగా ఒక చుక్క కనిపించింది, తర్వాత నిండుగా వెలిగింది. ఆ ఎండలో దాని వెలుగు ఎంతో లేదు. రాజయ్య చేతుల మీద మాత్రం పసుపు రంగు పడింది. అతను దాన్ని చాలాసేపు ఆర్పలేదు.

అప్పుడే మిర్చి బస్తాల లారీ ఒకటి దుకాణం ముందు ఆగింది. డ్రైవరు ఎక్కడివాడో, ఇక్కడి సంగతులేవీ తెలియనివాడు. తల బయటపెట్టి, వెలుగుతున్న లైటునూ దాన్ని పట్టుకున్న మనిషినీ చూశాడు.

"కాకా, నా బండి ఎడమ లైటు ఆరిపోతా ఉంది. కొంచెం చూస్తావా?"

రాజయ్య కళ్ళజోడు దారం చెవి వెనక సర్దుకుని, పేచ్‌కస్ పట్టుకుని లేచాడు.

"బండి జర నీడకు వెట్టు," అన్నాడు.